మిల్లు బురద కుప్ప వేడెక్కకపోతే: నా అనుభవం

చక్కెర మిల్లు మురుగునీటి శుద్ధి ప్లాంటు బురదను వరిగడ్డితో కలిపి కంపోస్టు కుప్ప వేస్తే వేడెక్కదు, కుళ్లిన గుడ్ల కంపు, అడుగున నల్లటి జావ. విజయనగరం వైపు చాలామంది అడిగేది ఇదే. యూరియా, పేడనీళ్లు, కుళ్లబెట్టే సూక్ష్మజీవులుండే డీకంపోజర్ ద్రావణం: ఏదీ పనిచేయలేదు. లోటు సూక్ష్మజీవులది కాదు, గాలిది.

ముందు గడ్డిని రెండంగుళాల ముక్కలుగా కొట్టించాను. పిండిలా నలిగితే మళ్లీ గాలాడదు. బురదలో 80 శాతం నీరే కాబట్టి 100 కిలోలకు 40 కిలోల ఎండుగడ్డి తూచి కలిపితే తేమ 60 శాతానికి దిగింది. తడిసిన గడ్డైతే ఈ లెక్క చెల్లదు. పిడికిట పిండితే చుక్కా రెండు చుక్కలే రావాలి, ధార కాదు. పొరలుగా పరిస్తే బురద పొర గాలిని మూసేస్తుంది. ఉండలు చితికేదాకా పారతో కలపాల్సిందే. అడుగున జానెడు మందాన గోగు పుల్లలు అడ్డదిడ్డంగా పరిచి, పైన ఛాతీ ఎత్తు కుప్ప. తొక్కకూడదు.

రెండడుగుల లోతున 55 డిగ్రీలు దాటాక, 65కి చేరినా, మళ్లీ 50 కిందికి పడినా తిరగేయాలి. అమ్మోనియా ఘాటు వస్తే ఇంకాస్త గడ్డి. వానకు టార్పాలిన్ కప్పండి, పక్కలు మాత్రం తెరిచే ఉంచండి.

జూట్ మిల్లు బురదకు ఇదే పాళ్లు కుదురుతాయని చెప్పలేను. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం వైపు మందుల (ఫార్మా) ఫ్యాక్టరీల బురద జోలికి అసలు పోవద్దు. అది ప్రమాదకర వ్యర్థం. ఏ బురదైనా చేలో వేసేముందు పరీక్ష చేయించండి: కిలో కంపోస్టులో సీసం 100, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించకూడదు.