వార్డు కౌన్సిలరుకు అర్జీ ఎలా ఇవ్వాలి?

చెన్నై కొరుక్కుపేటలో తమిళం ధారాళంగా మాట్లాడుతూ, రాయడం మాత్రం రాని తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇరవై ఏళ్లకు పైగా వారికి అర్జీలు రాసిపెడుతున్నాను. వీధిలో మురుగు పొంగినా, దీపం వెలగకపోయినా పదిమంది కలిసి కౌన్సిలరు ఇంటికి వెళ్లి, కోపంగా నాలుగు మాటలు చెప్పి, "సరే, చూస్తాను" అనిపించుకొని తిరిగి వస్తారు. ఆ తరువాత పని జరగలేదని కౌన్సిలరును తిడతారు. చేతిలో కాగితం లేకుండా ఏ కౌన్సిలరూ ఏ ఇంజినీరునూ నిలదీయలేరు. ఆ కాగితంలో ఒక చోటు, ఒక పని, ఒక కార్యాలయం మాత్రమే ఉండాలి.

కావలసినవి తెల్లకాగితాలు, నీలిసిరా కలం, ఫొటో తీయగల ఫోను, తేదీలు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం. అర్జీ చేత్తోనే రాయాలి. టైపు చేసిన అర్జీలు అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఎవరూ చివరిదాకా చదవరు.

ముందుగా మీ వార్డు ఏదో తేల్చుకోండి. నగరం 2011లో విస్తరించినప్పుడు 155 వార్డులు 200 అయ్యాయి, జోన్లు 15 అయ్యాయి. కాబట్టి పాత ఆస్తిపన్ను రసీదు మీది డివిజన్ (అంటే వార్డు) నంబరును నమ్మవద్దు. 2022 ఫిబ్రవరి ఎన్నికల నాటి ఓటరు చీటీ చూసుకుంటే చాలు.

ఇక అసలు చిక్కు, ఆ సమస్య ఎవరిదో గుర్తించడం. నూటికి తొంభై అర్జీలు పాడయ్యేది ఇక్కడే, కనుక ఈ భాగం నిదానంగా చదవండి. వీధిలో నల్లనీరు నిలిస్తే మనకు అది మురుగే, కానీ కాగితాల లెక్కలో అది రెండు వేర్వేరు సంస్థల సొత్తు. వాననీటి కాలువ కార్పొరేషనుది. ఇళ్ల మురుగు పోయే గొట్టాలూ తాగునీరూ మెట్రో వాటర్ బోర్డువి. ఆ బోర్డు 1978 చట్టంతో కార్పొరేషను నుంచి విడిగా ఏర్పడింది. అందుకే మురుగు అర్జీని కార్పొరేషను ఇంజినీరుకు పంపితే ఆయన "మాది కాదు" అని రాసి తిప్పి పంపవచ్చు, మీకు మాత్రం నెల రోజులు వృథా.

చోటుకు వెళ్లి కళ్లతో చూడకుండా అర్జీ రాయవద్దు. వీధి మధ్యలో గుండ్రటి ఇనుపమూత కింద నుంచి నీరు ఉబుకుతుంటే అది దాదాపు ఎప్పుడూ మెట్రో వాటరుదే. వీధి అంచున, కాలిబాట కింద, పొడుగాటి సిమెంటు పలకల మధ్య నుంచి వస్తుంటే అది వాననీటి కాలువ. అయినా మూత చూసి తీర్పు చెప్పేయకండి, వేళ కూడా చూడాలి. ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు, అంటే అన్ని ఇళ్లలో స్నానాలూ వంటలూ జరిగే వేళలో పొంగి, మధ్యాహ్నానికి తగ్గితే మురుగు గొట్టం ఎక్కడో పూడిందని అర్థం. వాన పడ్డాకే నిలిచి, వాన తగ్గిన మరునాటికి కూడా కదలకపోతే కాలువలో మట్టి పేరుకుంది. అందుకని మూడు రోజులు వరుసగా చూసి, వేళలు నోటుపుస్తకంలో రాసుకున్న తరువాతే నేను కలం పడతాను.

అన్నిటికన్నా మోసగించేది మూడో రకం. పది రోజులుగా చినుకు లేకపోయినా వాననీటి కాలువలో నల్లనీరు పారుతుంటే, ఎవరో ఇంటి మురుగును దొంగచాటుగా అందులోకి కలిపారని తెలుసుకోవాలి. అప్పుడు అర్జీలు రెండు రాయాలి: కాలువ శుభ్రం చేయమని కార్పొరేషనుకు ఒకటి, ఆ కలిపిన గొట్టాన్ని సరిచేయమని మెట్రో వాటరుకు ఒకటి. రెంటినీ ఒకే కాగితంలో పెడితే రెండు సంస్థలూ ఒకరి వైపు ఒకరు వేలు చూపుతూ కూర్చుంటాయి.

వీధిదీపాల దగ్గరా ఇదే జాగ్రత్త అవసరం. దీపం కార్పొరేషనుది, స్తంభం మీది నంబరు తప్పక రాయాలి. వీధి మూలన తలుపు ఊడి తీగలు బయటపడిన కరెంటు పెట్టె మాత్రం ఈబీ, అంటే కరెంటు బోర్డు వాళ్లది. వానాకాలంలో అది ప్రాణం తీయగలదు కాబట్టి అర్జీ దాకా ఆగకుండా వెంటనే ఫోను చేయండి.

తొలి రోజుల్లో నేనూ ఏడు సమస్యలు ఒకే చాంతాడంత అర్జీలో రాసి ఒక కార్యాలయంలో ఇచ్చాను. నాలుగు నెలల తరువాత వెళ్లి అడిగితే, మొదటి వరుసలోని దీపం మార్చి, మొత్తం అర్జీ మీద "చర్య తీసుకోబడినది" అని రాసి మూసేశారు. తక్కిన ఆరూ అలాగే ఉన్నాయి. ఒక అర్జీకి ఒకే పని అన్న నియమం నాకు ఆ రోజు నుంచి వచ్చింది. ఈ నగరంలో మంచి పనులు అలాగే మొదలయ్యాయి కూడా. జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, 1920లో కార్పొరేషను పిల్లలకు బడిలో తిండి పెట్టడానికి తీర్మానం చేసింది. అందులో ఉన్నది థౌజండ్ లైట్స్ పేటలోని ఒక్క బడి, తలకు రోజుకు అణాకు మించని ఖర్చు.

అర్జీ తమిళంలో రాయాలి, లేదా రాయించుకోవాలి. తమిళంలో దాన్ని మను అంటారు. పైన ఎడమవైపు అనుప్పునర్ అని మీ పేరు, చిరునామా. దాని కింద పెరునర్ అని కౌన్సిలరు పేరు. తరువాత పొరుళ్ అని విషయం ఒక్క వాక్యంలో. "మా వీధిలో" అని రాయవద్దు. "ఫలానా వీధిలో 14వ నంబరు ఇంటి గుమ్మం ఎదుట, రేషను దుకాణానికి పది అడుగుల దూరంలో" అని రాస్తే ఇంజినీరు ఎవరినీ అడగకుండా అక్కడికి చేరగలడు. అరపేజీ దాటకూడదు. సంతకాలు పది చాలు.

ఇచ్చేటప్పుడు కౌన్సిలరు చేతికే ఇవ్వండి. సగం వార్డులు మహిళలకు కేటాయించినవి. కౌన్సిలరమ్మ ఇంట్లో ఉండగా ఆమె భర్తకో తమ్ముడికో కాగితం ఇచ్చి రావడం నాకు బొత్తిగా నచ్చదు. సభలో లేచి అడగవలసింది ఆమె, కాబట్టి విషయం ఆమెకే చెప్పాలి. రెండో ప్రతి మీద తేదీ వేసి సంతకం తీసుకోండి. అదే రోజు కార్పొరేషను ఫిర్యాదుల నంబరు 1913కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు పుచ్చుకొని, దాన్నీ ఆ ప్రతి మీద రాయండి.

ఫోను ఒక్కటే చాలదా అని కుర్రవాళ్లు అడుగుతారు. 2016 అక్టోబరు నుంచి 2022 మార్చి వరకు ఈ నగరానికి కౌన్సిలర్లే లేరు. ఆ అయిదేళ్లకు పైగా నేను జోన్ కార్యాలయానికి నేరుగా తిరిగాను. బల్బు, చెత్తకుండీ వంటి చిన్న పనులు ఫోనుతో అయ్యేవి. కొత్త కాలువ, రోడ్డు వంటి డబ్బు మంజూరు కావలసిన పనులు మాత్రం, సభలో ఓటు ఉండి అడిగే మనిషి లేక, కదలలేదు.

అటువంటి పెద్ద పనికి అర్జీ డిసెంబరులోనే ఇవ్వాలి, ఎందుకంటే బడ్జెట్టు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది. కాలువ పూడిక తీయమనే అర్జీ జూలైలో ఇవ్వాలి; అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు దిగాక ఇస్తే నీళ్లు తోడే మోటారు తప్ప మరేదీ రాదు.

పదిహేను రోజులు ఆగి, రెండో ప్రతి చేతపట్టుకొని మళ్లీ వెళ్లండి. "మా పని ఏమైంది?" అని కాకుండా "జోన్ వార్డు కమిటీలో దీన్ని అడిగారా అమ్మా, ఇంజినీరు ఏమన్నారు?" అని అడగండి. పని జరిగితే మొదట ఎక్కడ నిలబడి ఫొటో తీశారో అక్కడే నిలబడి ఇంకొక ఫొటో తీసి, కౌన్సిలరుకు చూపించి, నోటుపుస్తకంలో తేదీ వేసుకొని, ఆ తరువాతే రెండో అర్జీ మొదలుపెట్టండి.