సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌ని టీవీలో తికమక పడకుండా చూడటం ఎలా

చెన్నైలో ఉండే మనకి గోల్ఫ్ అంటే నందనంలో కాస్మో కోర్స్ గుర్తొస్తుంది, బీచ్ ఇంత పొడుగున్నా ఆ కోర్స్ మాత్రం ఊరి మధ్యలోనే. అందుకే 2027 జులైలో ఓపెన్, అంటే గోల్ఫ్‌లో పెద్ద టోర్నీల్లో ఒకటి, మళ్ళీ స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ ఊళ్ళోని ఓల్డ్ కోర్స్‌కి వచ్చినప్పుడు టీవీ పెడితే చెట్టూ చేమా లేని బయలు తప్ప ఏం కనపడదు, ఎవరు ఏ హోల్‌లో (బంతి మొదట కొట్టే చోటు నుంచి గుంట దాకా ఉండే దారి) ఉన్నారో అస్సలు తెలీదు. ముందే ఒక మ్యాప్ గీసి పెట్టుకోండి.

వంకీ పిడి ఉన్న గొడుగు గీయండి చాలు. మొన దగ్గర ఊరు, 1, 18 హోల్స్ అక్కడే. వంకీ దగ్గర ఈడెన్ నది సముద్రంలో కలిసే చోటు, 7 నుంచి 11 దాకా అక్కడే చుట్టూ తిరుగుతాయి, 7 ఇంకా 11 అయితే ఒకదాని మీంచి ఒకటి పోతాయి. మిగతావన్నీ వెళ్ళడం, పక్కనుంచే తిరిగి రావడం.

ఇప్పుడు అసలు చిట్కా. 1, 9, 17, 18కి మాత్రమే సొంత గ్రీన్ (గుంట, జెండా ఉండే నున్నటి గడ్డి), మిగతా 14 హోల్స్ 7 గ్రీన్స్‌లో సర్దుకుంటాయి, ఏ జత కూడినా 18 వస్తుంది: 2కి 16, 5కి 13, అలా. తెల్ల జెండా అయితే వెళ్తున్నట్టు, ఎర్రదైతే వస్తున్నట్టు.

ఇదేం ఎవరో కూర్చుని ప్లాన్ గీసి కట్టింది కాదు. ఇసుక నేల ఇరుకు, కాబట్టి వెళ్ళిన హోల్స్‌లోనే తిరిగి వచ్చేవాళ్ళు, అలా రౌండ్‌కి 22 హోల్స్ పడేవి, 1764లో మొదటి 4 హోల్స్‌ని 2గా కలిపేసరికి రానూ పోనూ కలిపి 18 అయ్యాయి, ఈ రోజు ప్రపంచమంతా ఆడే 18 అదే. తర్వాత జనం పెరిగి ఎదురెదురుగా వస్తుంటే గ్రీన్స్ వెడల్పు చేసి రెండేసి గుంటలు పెట్టారు. మొదట్లో గడియారం ముల్లు తిరిగే వైపు ఆడేవాళ్ళు, ఇప్పుడు దానికి రివర్స్, అందుకే 112 బంకర్లలో (ఇసుక గుంటలు) చాలావి టీ, అంటే మొదటి దెబ్బ కొట్టే చోటు, దగ్గర నిలబడి చూస్తే కనపడవు.

చూసేటప్పుడు బంతి కుడికి పోతే కంగారు పడండి, ఎడమకి పోతే మామూలుగా ఎదురొచ్చే హోల్‌లో పడుతుంది, బతికిపోతాడు. 17లో అయితే హోటల్ షెడ్ల మీంచి కొట్టాలి, గ్రీన్ ముందు లోతైన బంకర్, వెనక రోడ్డు, దాని వెనక రాతి గోడ, బంతి రోడ్డు మీద పడితే అక్కణ్ణించే ఆడాలి. ఆదివారం లీడర్లు అక్కడికి చేరేసరికి మనకి రాత్రి 10 దాటుతుంది, భోజనాలు ముందే కానిచ్చేయండి.