బత్తాయి తోటలో మందు కొట్టే ముందు

నల్లగొండ వైపు బత్తాయి జనవరి, ఫిబ్రవరిలో పూతకొస్తుంది. పొద్దున తోటలో నిలబడితే చెట్టు చెట్టుకూ తేనెటీగల రొద. స్ప్రేయర్ భుజానికెత్తుకునే ముందు ఇవి చూసుకోండి.

– పూత విచ్చి ఉంటే పురుగుమందు వద్దు, పిందె కట్టేదాకా ఆగండి. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సమ్ లాంటివి చెట్టు లోపలికి ఇంకి పువ్వులోని తేనెకూ, పుప్పొడికీ చేరతాయి. పైకి తడి ఆరినా ఈగకు ముప్పు పోదు.

– ఆకు తిప్పి చూడండి. ఆకు రసం పీల్చే పేనుబంక పక్కన అక్షింతల పురుగులు తిరుగుతున్నాయా? వాటి పిల్లలకు రెక్కలుండవు, నల్లగా, బుల్లి మొసళ్లలా ఉంటాయి. చీడ అనుకుని చాలామంది వాటినే నలిపేస్తారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పేనుబంకను తినేది అవే కదా! నాలుగు రోజులు ఆగి మళ్లీ చూడండి. చాలాసార్లు మందు అవసరమే పడదు.

– తప్పదంటే పొద్దుగూకాక, ఈగలు గూటికి చేరాక, గాలి లేనప్పుడు కొట్టండి.

– దగ్గర్లో తేనె పెట్టెలుంటే అవి పెట్టినవాళ్లకు ముందురోజే చెప్పండి.

– డ్రమ్ము కడిగిన నీళ్లు కాలువలోనో, పశువుల తొట్టి పక్కనో పారబోయొద్దు. ఎండకు తేనెటీగలు నీళ్లు తాగడానికి వచ్చేది అక్కడికే.