మేజర్ మార్చి పెడితే సీటొస్తదా? పిల్లలతో కొత్తగా అమెరికా వచ్చిన మనోళ్లకు

హన్మకొండ, కరీంనగర్ దిక్కు నుంచి హైస్కూల్ పిల్లలతో వచ్చిన తమ్ముళ్లు అందరూ ఒకటే అడుగుతున్నరు: "కంప్యూటర్ సైన్సుకు పోటీ ఎక్కువ గదా, అప్లికేషన్‌ల మేజర్, అంటే డిగ్రీల ముఖ్యంగ చదివే సబ్జెక్టు, హిస్టరీ అని పెట్టి లోపలికి పోయినంక మార్చుకుంటే?" ఎంసెట్ కౌన్సెలింగ్‌లో సివిల్ తీసుకొని, స్లైడింగ్‌లో సీఎస్ఈకి పోదామనే లెక్క ఇది. ఇక్కడ నడవదు.

ముందు కాలేజీ ఏ తీరుగ తీసుకుంటదో చూడండి. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ మేజర్‌ను బట్టి సీటియ్యవు. పిల్లలు చేరినంకనే ఎంచుకుంటరు. అక్కడ వేరే మేజర్ రాస్తే లాభం లేదు. పైగా ఏపీ (హైస్కూల్‌లనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) కంప్యూటర్ సైన్స్, ఏపీ కాల్కులస్ బీసీ, రోబోటిక్స్ క్లబ్ ఉన్న అప్లికేషన్‌లో లాటిన్ మేజర్ కనబడితే చదివేవాళ్లకు అతకదు.

కార్నెగీ మెలన్, సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్, ఇల్లినాయ్ అర్బానా-షాంపేన్ వేరు. మేజర్‌ను బట్టో, లోపలి కాలేజీని బట్టో తీసుకుంటయి. తక్కువ మంది అడిగే మేజర్‌కు సీటు సులువుగ రావచ్చు, నిజమే. చిక్కంతా ఆ తర్వాతనే. లోపలి నుంచి సీఎస్‌కు పోయే తొవ్వ దాదాపు మూసే ఉంటది. మంచి గ్రేడ్లున్నా, ముందు చదవాల్సిన కోర్సులు అయిపోయినా, సీటు ఖాళీ లేకుంటే ఏం చేయలేరు. ఎన్నిసార్లు చెప్పాలె? అప్లై చేయకముందే ఆ యూనివర్సిటీ సైట్‌ల 'చేంజ్ ఆఫ్ మేజర్' పేజీ మీరే చదవండి, చుట్టాల మాట పట్టుకొని పోకండి.

హెచ్-4 (హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) పిల్లలకు ఇంకో గండం ఉంది. గ్రీన్‌కార్డు రాకముందే 21 నిండితే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకు మారాల్సొస్తది. చదువైనంక ఓపీటీ, అంటే ఎఫ్-1 మీద పని చేసుకోనిచ్చే గడువు, 12 నెలలే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) డిగ్రీ అయితేనే ఇంకో 24 నెలలు. ఏది స్టెమో డిగ్రీ పేరు చెప్పదు, ఒక్కో కోర్సుకు సర్కారు లెక్కల ఉండే నంబరు, సీఐపీ కోడ్, చెప్తది. ఎకనామిక్స్‌కు 45.0601 ఉంటే స్టెమ్ కాదు. ఎకనోమెట్రిక్స్, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కోడ్ 45.0603 ఉంటే స్టెమ్. డిపార్ట్‌మెంట్‌కు మెయిల్ రాసి ఆరంకెల కోడ్ అడగండి.

పిల్లకు నిజంగ లింగ్విస్టిక్సో, స్టాటిస్టిక్సో ఇష్టమైతే మాత్రం అడ్డుపడకండి, అదే పెట్టనియ్యండి. ఇల్లినాయ్‌ల సీఎస్‌ను లింగ్విస్టిక్స్‌తో, పంటల శాస్త్రంతో కలిపి చదివే డిగ్రీలున్నయి. పోటీ వాటికీ ఉంది, కాని రెండూ చేతికొస్తయి. సరే, మరీ అంత బెంగ కూడ వద్దు. అప్లై చేసినవాళ్లల్ల ఎక్కువ మందిని తీసుకునే స్టేట్ యూనివర్సిటీలు చాలా ఉన్నయి, వాటిల్ల కంప్యూటర్ సైన్స్ మంచిగనే చెప్తరు. చాలా కాలేజీలకు ఒకే ఫారంతో అప్లై చేసే కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటది. ఆలోపల అసొంటివి రెండు మూడు లిస్టుల రాసిపెట్టుకోండి.