రాజధాని నగరం కడదాం, నాలుగో పాఠం: గోడ ఆఖర్న గీయండి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి, పాత్రలు వేసుకుని బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట కోసం మనం ఒక కల్పిత రాజధానిని కడుతున్నాం. పోయిన పాఠంలో దానికి స్థలం ఎంచుకుని మ్యాపు గీయమన్నాను. గీసినవాళ్లలో ఎక్కువమంది ఒకే పని చేశారు. ముందు గుండ్రంగా కోటగోడ, నడిమధ్యన రాజుగారి మహలు. మిగిలిన చోటును పిజ్జా ముక్కల్లా కోసి ఒకటి గుళ్లకు, ఒకటి వర్తకులకు, ఒకటి మంత్రగాళ్లకు, ఒకటి దొంగలకు ఇచ్చారు. రంగులు, పేర్లు చాలా బాగున్నాయి. తీరా ఆటకు కూర్చున్నాక మాత్రం అందరూ ఒకే చోట ఆగిపోయారు. పార్టీ, అంటే ఆటగాళ్ల పాత్రల జట్టు, గేటు దాటి "ఇప్పుడు మాకేం కనిపిస్తోంది?" అని అడిగింది. "వర్తకుల పేట" అని చెప్పాక ఇంకేం చెప్పాలో డీఎంకి (కథ చెబుతూ ఆట నడిపేవారికి) తోచలేదు. అందుకే పన్నులు, కొలువు సంగతి వచ్చే పాఠానికి వాయిదా వేసి, ముందు దీన్ని సరిచేద్దాం.

రాజవంశం పేరు, జెండా రంగు, నాణేల మీది బొమ్మ మీరే పెట్టుకోగలరు. వాటి జోలికి నేను వెళ్లను.

నగరాన్ని అది పెరిగిన వరసలోనే గీయాలి. హైదరాబాదునే చూడండి. మూసీ మీద పురానాపూల్ 1578లో వచ్చింది, చార్మినార్ 1591లో. అంటే ఊరికన్నా వంతెనే పదమూడేళ్లు పెద్దది. గోల్కొండ నుంచి వచ్చే దారి నది దాటింది, ఆ దారి వెంట ఊరు నిలబడింది, చార్మినార్ దగ్గర నాలుగు దారులు కలిసిన చోట బజారు పెరిగింది. ఊరి చుట్టూ గోడ పద్దెనిమిదో శతాబ్దంలో గానీ రాలేదు. అప్పటికి ఊరికి నూరేళ్లు దాటాయి. వచ్చిన గోడ కూడా అందరినీ లోపలికి తీసుకోలేదు. కార్వాన్, బేగంబజార్ లాంటి పెద్ద వ్యాపారపు పేటలు మూసీకి అవతల, గోడ బయటే ఉన్నాయి. 1806లో హుస్సేన్‌సాగర్ అవతలి ఒడ్డున కంటోన్మెంటుతో సికింద్రాబాద్ మరో ఊరుగా తయారైంది.

మీరూ ఇదే వరసలో వెళ్లండి. ముందు నది, తర్వాత నది దాటే చోటు, అక్కడికొచ్చే దారులు, అవి కలిసే కూడలి, దాని చుట్టూ బజారు, మహలు, అన్నిటికన్నా చివర గోడ. నేనైతే మ్యాపు సాఫ్ట్‌వేర్ ముట్టుకోను. పెన్సిలు, రబ్బరు చాలు. సాఫ్ట్‌వేర్‌లో రెడీమేడ్ బురుజులు కనబడగానే చెయ్యి గోడ మీదికే పోతుంది. గోడ గీసేటప్పుడు కావాలనే ఒక పాత పేటను బయట వదిలేయండి. పన్ను అందరితో సమానంగా కట్టి, కాపలా మాత్రం దక్కని జనం అక్కడుంటారు. మీ మొదటి సెషన్‌కి కావలసిన గొడవ ఆ పేటలోనే దొరుకుతుంది.

ఇక దొంగల పేట. ఈ ఒక్కదాన్ని మీ మ్యాపులోంచి చెరిపేసేదాకా నాకు మనసు ఊరుకోదు. దొంగలందరూ ఫలానా పేటలో ఉంటారని ఊరంతటికీ తెలిస్తే, కొత్వాలు ఒక్క రాత్రిలో ఆ పేటను చుట్టుముడతాడు. దొంగ ఉండేది సరుకు దిగేచోటే. మరి సరుకు ఎక్కడ దిగుతుంది? లెక్క వేద్దాం. మీ రాజధానిలో లక్షమంది ఉన్నారనుకోండి. మనిషికి రోజుకు అరకిలో గింజలంటే ఐదు వందల క్వింటాళ్లు. ఎడ్లబండికి పది క్వింటాళ్లు ఎక్కించినా రోజుకు యాభై బండ్లు రావాలి. ఇది ఒక్క గింజలకే. కట్టెలు, కూరగాయలు, పాలు, ఉప్పు, గడ్డి ఇంకా లెక్కలోకే రాలేదు.

యాభై బండ్లంటే వంద ఎడ్లు. వాటికి మేత కావాలి, నీళ్లు కావాలి, అరిగిన నాడాలు మార్చేవాడు కావాలి. పొద్దుగూకాక గేటు మూస్తారు కాబట్టి ఆలస్యమైన బండ్లు తెల్లవార్లూ బయటే ఆగుతాయి. అక్కడ పూటకూళ్లావిడ పొయ్యి వెలిగిస్తుంది, కల్లు దుకాణం తెరుచుకుంటుంది. తూకంలో ఎలా గెలవాలో చెప్పే దళారి వస్తాడు. సుంకం ఎగ్గొట్టడానికి గోడ కింది మోరీలోంచి మూటలు దాటించేవాడూ వస్తాడు. మీ దొంగ ఇతనే. పగలు హమాలీ, రాత్రి ఇంకొకటి. గేటు గుమాస్తా కూతురి పెళ్లికి అప్పిచ్చింది కూడా అతనే. పార్టీలో రోగ్ (దొంగ తరహా పాత్ర) ఆడేవాళ్లు "దొంగల ముఠా ఎక్కడ?" అని అడిగితే మ్యాపు మీద వేలు పెట్టకండి. ఏ బస్తాలో బరువు తగ్గిందో చెప్పండి, మిగతాది వాళ్లే వెతుక్కుంటారు. మంత్రగాళ్ల పేటకూ ఇదే వర్తిస్తుంది. పాదరసం ఎవరు తెస్తున్నారు, గాజు బుడ్లు ఎవరు ఊదుతున్నారు, పొగ ఎవరింటి మీదికి పోతోందన్నది తేల్చండి. పేట హద్దులు అవే తేలతాయి.

ఒక్క వస్తువును పట్టుకుని వెనక్కి నడవడం నాకు బాగా ఇష్టమైన పద్ధతి. చార్మినార్ పక్కనున్న గాజుల బజారు లాడ్‌బజార్‌లో లక్క గాజు తీసుకోండి. షాపులో లైట్ల కింద తళతళలాడుతుంది. వెనక సందుల్లోకి పోతే కొలిమి దగ్గర మెత్తబడిన లక్కను గాజుగా చుట్టి, అది గట్టిపడేలోపే రాళ్లు ఒక్కొక్కటిగా అద్దుతుంటారు. లక్క అడవిలో కొమ్మల మీద పురుగు పెట్టేది. అంటే ఒక గాజు వెనక దుకాణదారు, సందులో కూర్చున్న పనివాళ్లు, బొగ్గులమ్మేవాడు, రాళ్ల వర్తకుడు, అడవిలో లక్క ఏరేవాళ్లు ఉన్నారు. మీ ప్రపంచంలో ఆ అడవిని డ్రాగన్ ఆక్రమించిందనుకోండి. డ్రాగన్ వార్త రాజధానికి దండోరాతో రానక్కర్లేదు. పెళ్లిళ్ల సీజన్‌లో గాజుల ధర మూడింతలైతే చాలు.

ఊరికి ఒక పాత దెబ్బ కూడా ఉండాలి. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టనబెట్టుకుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు నూటయాభై మంది బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతే ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. మీ నగరంలోనూ ఒక విపత్తు, దాన్ని చూసిన ఒక చెట్టో రాయో, దానివల్ల మారిన ఒక పేట ఉంటే చాలు. మూడు విపత్తులు పెడితే ఆటగాళ్లకు ఒక్కటీ గుర్తుండదు.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టమే, అయినా వదలకండి. ఆదివారం పొద్దున్నే చార్మినార్ దగ్గర బయల్దేరి లాడ్‌బజార్, మహబూబ్ చౌక్, హుస్సేనీ ఆలం మీదుగా పురానాపూల్ దర్వాజా దాకా నడవండి. పాత గోడ తాలూకు దర్వాజాల్లో ఇప్పటికీ నిలిచినవి ఇదీ, దబీర్‌పురా దర్వాజా మాత్రమే. హైదరాబాదులో లేనివాళ్లు మీ ఊరి పాత బజారు నుంచి చెరువుగట్టు దాకా నడిస్తే సరిపోతుంది. ప్రతి యాభై అడుగులకూ ఆగి మూడు విషయాలు రాసుకోండి: ఏం దిగుతోంది, ఎవరు ఎవరికోసం ఎదురుచూస్తున్నారు, మేడ మీద ఏం జరుగుతోంది. ఫొటోలు తీయకండి, రాయండి. ఇంటికొచ్చాక వాటిలోంచి ఇరవై వరసల ఎన్‌కౌంటర్ టేబుల్ (పార్టీకి దారిలో ఎదురయ్యే సందర్భాల పట్టిక) చేయండి, డీ20తో, అంటే ఇరవై ముఖాల పాచికతో, దొర్లించేలా. కత్తి దూసే సందర్భాలు అందులో మూడుకు మించకూడదు. మిగిలిన పదిహేడింటిలో ప్రతిదానికీ పక్కన ఒక మనిషి పేరు, ఆ మనిషికి ఈరోజు సాయంత్రంలోగా కావలసినదేమిటో రాయండి. ఆ టేబుల్ లేకుండా ఐదో పాఠం మొదలుపెట్టకండి. పన్ను వసూలుకు బయల్దేరే గుమాస్తా ఈ పదిహేడు మంది గుమ్మాలకే వెళతాడు.