కరెంటు వచ్చాక కప్ప నీరసపడిందా? మందు వెయ్యకముందు ఫిల్టర్ విప్పండి

తొట్టిలో పెంచుకునే ఆఫ్రికన్ డ్వార్ఫ్ కప్ప (ఎప్పుడూ నీళ్లలోనే ఉండే చిన్న కప్ప) కదలడం లేదు, మేత ముట్టడం లేదు, చర్మం పాలిపోయింది, తొడల కింద ఎర్రబడింది, ఏ మందు వెయ్యాలి? ఇలా అడిగే ప్రతి ఒక్కరినీ నేను ముందు అడిగేది తొట్టి నీళ్లలో అమ్మోనియా (రెట్ట, మిగిలిన మేత కుళ్లి పుట్టే విషం) చూశారా అని. ఎవరూ చూడరు. నీళ్లు తేటగానే ఉన్నాయి కదండీ అంటారు. అమ్మోనియాకి రంగుండదు! చుక్కల టెస్ట్ కిట్‌లో సున్నా రావాలి, 0.25 పీపీఎం వచ్చినా నీళ్లు మార్చాల్సిందే.

అమ్మోనియా సున్నా ఉండి కప్ప చిక్కిపోతుంటే అది చాలావరకు ఆకలి. ఆఫ్రికన్ డ్వార్ఫ్ కప్పలకి చూపు అంతంతమాత్రం, వాసన పట్టి వెతుక్కునేలోపు చేపలు మొత్తం ఊడ్చేస్తాయి. ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ (గడ్డకట్టించి అమ్మే ఎర్ర పురుగులు) కరగనిచ్చి ట్వీజర్‌తో మూతి దగ్గర పెట్టండి.

అందరూ దెబ్బతినేది మాత్రం కరెంటు దగ్గర. శ్రీకాకుళం జిల్లాలో గాలివాన వస్తే పోయిన కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అంత అక్కర్లేదు, ఒక్క రాత్రి చాలు. మూత బిగించిన ఫిల్టర్‌లో నీళ్లు కదలవు, అమ్మోనియాని తినే మంచి బ్యాక్టీరియా స్పాంజ్‌లోనే ఆక్సిజన్ అందక చావడం మొదలవుతుంది. తొట్టిలో చేపలుంటే పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, మనకి తెలుస్తుంది. కప్ప ఎప్పుడూ పైకొచ్చి గాలి పీల్చుకునేదే, అందుకని కరెంటు లేనంతసేపూ బాగానే కనిపిస్తుంది. తెల్లారి కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగి లోపలి కుళ్లునంతా తొట్టిలోకి నెడుతుంది, మనమేమో ఫిల్టర్ తిరుగుతోందని నిశ్చింతగా ఉంటాం. కప్ప డీలా పడేది రెండు మూడు రోజులకి. అప్పటికి కరెంటు పోయిన సంగతే ఎవరికీ గుర్తుండదు, మందుల కోసం షాపుకి పరిగెడతారు.

కాబట్టి కరెంటు పోయి కాసేపట్లో రాకపోతే ఫిల్టర్ ప్లగ్ పీకేసి, స్పాంజ్ తీసి తొట్టి నీళ్లలోనే వదిలెయ్యండి, బ్యాటరీ ఎయిర్ పంపు ఉంటే దాని పక్కనే. మీరు చూసుకోకుండానే కరెంటు పోయి వచ్చేసిందా, వెంటనే ఆపి స్పాంజ్ వాసన చూడండి. బాగున్న స్పాంజ్ తడిమట్టి వాసన వేస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తే తొట్టిలోంచి తీసిన నీళ్లు బకెట్‌లో పోసి అందులోనే పిసకండి. కుళాయి కింద వద్దే వద్దు, మున్సిపాలిటీ నీళ్లలో ఉన్న క్లోరిన్ మిగిలిన బ్యాక్టీరియాని కూడా చంపేస్తుంది. తర్వాత మూడో వంతు నీళ్లు మార్చండి, కొత్త నీళ్లలో యాంటీ క్లోరిన్ వేసి, తొట్టిలో ఉన్నంత వెచ్చదనమే ఉండేలా చూసి. అమ్మోనియా సున్నాకి దిగేదాకా రోజూ పావు వంతు మార్చాలి, మేత సగమే వెయ్యాలి. బోరు నీళ్లవాళ్లు ఇంకా జాగ్రత్త, పీహెచ్ 8 దాటితే అదే అమ్మోనియా మరింత విషమవుతుంది.

పొట్ట ఉబ్బడం, ఒంటి మీద బూజు లాంటివి కనిపిస్తే సంగతి వేరు. వేరే తొట్టిలో పెట్టి పశువైద్యుడికి చూపించండి, రాగి ఉన్న చేపల మందులు మాత్రం వెయ్యొద్దు. కాళ్లు చాచి తేలడం, ఊడిన చర్మాన్ని అదే తినెయ్యడం జబ్బులు కావు, టెన్షన్ పడకండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఫిల్టర్‌ని ఆ లైనుకే పెట్టండి, ఫ్యాను కన్నా చాలా తక్కువ కరెంటు లాగుతుంది.