ఇంగ్లీషులో మనోభావాల మాటలు – 7వ పాఠం: కోపంలో తేడాలు

ముందుగా పోయిన పాఠంలోని అభ్యాసం సంగతి. వరసగా ఇంటర్వ్యూలు పోయిన మనిషి విచారానికి ఏ మాట సరిపోతుందన్నది అందులోని ప్రశ్న. మూడో ఇంటర్వ్యూ కూడా పోయి, ఇక ప్రయత్నించి లాభం లేదనుకునే మనిషికి డెస్పాండెంట్ అన్న మాటే సరిపోతుంది. మెలాంకలీ (దిగులు) అని రాసినవాళ్లు ఒకటి చూసుకోవాలి. ఫలానా కారణమంటూ లేకపోయినా మెలాంకలీ ఉండొచ్చు. డెస్పాండెంట్‌లో మాత్రం ఆశ పోవాలి.

ఇక కోపం. యాంగ్రీ అన్న ఒక్క మాటతో నెట్టుకొచ్చేవాళ్లు కొత్త మాటలు నేర్చుకుందామని కూర్చుంటే, సాధారణంగా చిన్న కోపం నుంచి పెద్ద కోపం దాకా ఒక వరస రాసుకుని బట్టీ పడతారు. అనాయ్డ్ (కాస్త చిరాకు), ఫ్యూరియస్ (తీవ్రమైన కోపం), లివిడ్ (పట్టరాని కోపం) వరకు ఆ పద్ధతి బాగానే నడుస్తుంది. ఎగ్జాస్పరేటెడ్, ఇన్‌డిగ్నంట్, రిజెంట్‌ఫుల్ దగ్గరికొచ్చేసరికి చతికిలపడుతుంది. ఈ మూడింటినీ విడదీసేది కోపం ఎంత అన్నది కాదు, ఎందుకు వచ్చింది, ఎంతకాలం ఉంది అన్నవి.

ఒకే సంఘటన తీసుకుందాం. మీరు తయారుచేసిన రిపోర్టు మీద సహోద్యోగి తన పేరు వేసుకుని పైకి పంపాడు. తెలిసిన క్షణాన ఒళ్లు మండిపోతే మీరు ఫ్యూరియస్. 'ఇది అన్యాయం, నా కష్టాన్ని వాడెలా వాడుకుంటాడు' అన్న ధర్మాగ్రహం ముందుంటే ఇన్‌డిగ్నంట్. వద్దని రెండుసార్లు చెప్పినా మళ్లీ అదే పని చేశాడు, చెప్పీ చెప్పీ మీ ఓపిక నశించింది, అప్పుడు ఎగ్జాస్పరేటెడ్. ఆరు నెలల తర్వాత ఆ రిపోర్టు పేరు చెప్పుకుని అతనికి ప్రమోషన్ వచ్చింది, మీరు పైకి నవ్వుతూనే ఉన్నారు, కడుపులో మాత్రం అలాగే ఉంది. అది రిజెంట్‌మెంట్. రిపోర్టులో మీ పేరు అక్షరం తప్పు పడితే వచ్చేది అనాయెన్స్, అంతే.

వీటిలో ఎక్కువ సాధన అవసరమయ్యేది రిజెంట్. మధ్యలోని ఎస్ అక్షరాన్ని జెడ్‌లా పలకాలి. రిసెంట్ అంటే వినేవాళ్లకు 'ఈమధ్య జరిగిన' అన్న వేరే మాట వినిపిస్తుంది. ఇది క్రియ, దీని వెనక ప్రిపొజిషన్ రాదు. 'షి రిజెంట్స్ హిస్ సక్సెస్' సరైనది, 'రిజెంట్స్ ఆన్ హిస్ సక్సెస్' తప్పు. వెనక మరో క్రియ వస్తే ఐఎన్‌జీ రూపంలోనే రావాలి: 'హి రిజెంట్స్ వర్కింగ్ ఆన్ సండేస్'. ఇక్కడ టు వర్క్ అనకూడదు.

ఇన్‌డిగ్నంట్‌లో జీ వినపడాలి. దీని పక్కనే ఇండిజెంట్ అనే మరో మాట ఉంది, దానికి అర్థం కటిక పేద. రాసేటప్పుడు జీ తర్వాతి ఎన్ జారిపోయి, ఏ బదులు ఈ పడితే చాలు, కోపిష్టి కాస్తా బీదవాడైపోతాడు. స్పెల్‌చెక్ కూడా పట్టుకోదు. వాడుక ఇలా: 'షి వజ్ ఇన్‌డిగ్నంట్ ఎట్ ద సజెషన్ దట్ షి హ్యాడ్ చీటెడ్.' మోసం చేశావని అంటే మండిపడిందని అర్థం. నిజంగానే మోసం చేసినవాళ్లూ ఇలా మండిపడగలరు. తనకు అన్యాయం జరిగిందని ఆ మనిషి అనుకుంటే చాలు, ఈ మాట సరిపోతుంది.

ఫ్యూరియస్, లివిడ్ ముందు వెరీ పెట్టకండి. అవి ఇప్పటికే కొసకు చేరిన మాటలు, కావాలంటే ఆబ్సల్యూట్లీ చేర్చండి. మనిషి మీదైతే ఫ్యూరియస్ విత్, విషయం మీదైతే ఫ్యూరియస్ ఎబౌట్. లివిడ్‌కు మూలమైన లాటిన్ మాటకు నీలిరంగు అని అర్థం. చదివేటప్పుడు 'లివిడ్ బ్రూయిజ్' కనిపిస్తే అది కమిలిన చర్మం రంగు, కోపం కాదు.

అందరూ చేసే తప్పు మరొకటి: 'ఐ యామ్ ఇరిటేటింగ్.' నాకు చిరాకుగా ఉందని చెప్పబోయి, నేను చిరాకు పుట్టించే మనిషినని ఒప్పేసుకోవడమన్నమాట. అనుభవించేవాళ్లకు ఈడీ, కలిగించేదానికి ఐఎన్‌జీ.

ఇప్పుడు స్వభావం. ఇరిటబుల్ అంటే చిర్రుబుర్రులాడే మనిషి. నిద్ర చాలకపోతే ఎవరైనా ఇరిటబుల్ కావచ్చు. ఇరాసిబుల్ పుట్టు ముక్కోపి; ఇది పుస్తకాల్లో కనిపించే మాట, కబుర్లలో వాడితే ఎబ్బెట్టుగా ఉంటుంది, అక్కడ షార్ట్‌టెంపర్డ్ చాలు. పెట్యులంట్ అంటే కోరింది దొరక్క చిన్నపిల్లల్లా మూతి ముడుచుకునేవాళ్లు. పెద్దవాళ్లను అంటే కించపరిచినట్టే. విండిక్టివ్ అంటే పగబట్టే మనిషి. విండికేట్ దీనికి చుట్టమే అయినా అర్థం వేరు: నింద తొలగి, చెప్పింది నిజమని తేలడం.

సాధన ఇలా చేయండి. ఒక వారానికి ఆరు మాటలు చాలు. ఒక్కో మాటకు ఒక వాక్యం రాయండి, ఆ కోపానికి కారణం వాక్యంలోనే ఉండాలి. తర్వాత ఆ మాట తీసేసి యాంగ్రీ పెట్టి చదవండి. ఏమీ పోలేదనిపిస్తే వాక్యం పనికిరాదు. 'హి వజ్ ఎగ్జాస్పరేటెడ్' దగ్గర ఆగితే మీకేమీ రానట్టే. 'ఆఫ్టర్ ఎక్స్‌ప్లెయినింగ్ ఇట్ ఫోర్ టైమ్స్, హి వజ్ ఎగ్జాస్పరేటెడ్' అన్నాక అక్కడ రిజెంట్‌ఫుల్ పెట్టి చూడండి, ఇమడదు. మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత మాటను చేత్తో మూసి, మిగతా వాక్యం చూసి గుర్తుతెచ్చుకోండి. గుర్తురాకపోతే మాటను పదిసార్లు రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు, వాక్యాన్ని మార్చండి.

ఈసారి అభ్యాసం: తమ్ముడి చదువు కోసం తన చదువు మానేసిన అక్క, ఇరవై ఏళ్ల తర్వాత అతని ఇంటికి వెళ్లింది. ఆమె మనసు గురించి ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాయండి. ఒకదానిలో రిజెంట్ క్రియగా రావాలి, రెండోదానిలో ఇన్‌డిగ్నంట్. రెండో వాక్యానికి ఆ ఇంట్లో ఎవరో ఏదో ఒక మాట అనాలి. అదేమిటో మీరే కల్పించుకోండి.